చెంచా కదల్లేదు

"టీలో చక్కెర ఎక్కువైంది," అని పెద్దాయన గోడకు చెప్పాడు.

"రేపటి నుంచి తగ్గుతుంది," అని కోడలు కుట్టుమిషనుకు చెప్పింది.

ఆ ఇంట్లో మాటలు అలాగే నడుస్తాయి. ఆయనకు గోడ, ఆమెకు మిషను. కిందటి వానాకాలం నుంచి ఇదే వరస. లారీ తోలే కొడుకు ఇంటికి వచ్చిన రోజు మాత్రం ఇద్దరూ అతనితో మాట్లాడతారు. అతను కంచం ముందు కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు మోస్తాడు. "లారీ దిగినా నాకు లోడు తప్పదు," అంటాడు. ఎవరూ నవ్వరు.

పెద్దాయన గ్లాసు కిటికీలో పెట్టి గదిలో రెండో మూలకు నడిచాడు. అక్కడ బల్ల మీద ఇనప పెట్టె ఉంది. దాని ముఖాన రెండు గుండ్రటి అద్దాలు, ఒక్కో అద్దం వెనక ఒక్కో ముల్లు. ఆకాశంలో పోయే ఉపగ్రహం రెండు గొంతులతో కూస్తుంది. ఒకటి బొంగురుది, ఒకటి సన్నది. ఎడమ ముల్లు బొంగురు గొంతుకు, కుడి ముల్లు సన్న గొంతుకు. బల్ల ముందు చెక్కకుర్చీ, దాని వీపుకు వేలాడుతూ హెడ్‌ఫోన్లు, ఒక్కో చెవికి ఒక్కో గొంతు. ఆయన పెట్టె తుడిచాడు, బల్ల తుడిచాడు. కుర్చీని ముట్టుకోలేదు. అయినా దాని మీద దుమ్ము లేదు. ఎవరు తుడుస్తున్నారో ఆయన గోడను ఎప్పుడూ అడగలేదు.

అంతలో వీధిలో వ్యాను ఆగింది.

దిగిన పిల్లకు పాతికేళ్ళుంటాయేమో. భుజాన పెద్ద సంచీ. దాని పట్టీ తెగితే ముడేసుకుని వచ్చింది.

"అంకుల్, చేపముల్లు ఇల్లు ఇదేనా?"

మేడ మీద నిలబెట్టిన యాంటెనా చేప వెన్నుముల్లులా ఉంటుంది. వీధంతా ఆ ఇంటిని అలాగే పిలుస్తారు. ఆయన ఎదురుగా మాత్రం అనరు.

"ఆ పేరు నీకెవరు చెప్పారు?"

"మూల మీద చెప్పులు కుట్టే ఆయన. యాంటెనా ఇల్లంటే తెలీదన్నాడు. నేను పరిశోధన కేంద్రం నుంచి వచ్చానంకుల్. మీకు ఫోన్లు చేసేది నేనే."

"ఖాళీ వ్యాను తెచ్చావు. నింపుకుపోవడానికేగా."

ఆ పిల్ల తల దించుకుంది. అబద్ధం చెబుదామని చూసింది గానీ నోరు సహకరించలేదు.

"పెద్దసారు పెట్టె తెచ్చేయమన్నారు. మధ్య స్టేషను రికార్డు ఏడాదిగా పనికిరావడం లేదు, ఇంకో ఊళ్ళో పెడదాం అన్నారు. నేనే మూడు రోజులు గడువు అడిగాను. ఈ మూడు సాయంత్రాల్లో ఒక్కటన్నా శుభ్రంగా వస్తే పెట్టె కదపను."

"నీకేం పట్టింది అడగడానికి?"

"నా బొమ్మకి పట్టింది."

ఆమె సంచీలోంచి కాగితం చుట్ట తీసి నేల మీదే పరిచింది. కింద వరసగా ఐదు చుక్కలు, ఐదు ఊళ్ళు. వాటి మీద రంగురంగుల తెర. సరిగ్గా మధ్యలో తెల్లటి ఖాళీ, ఎవరో కత్తెరతో కోసి పారేసినట్టు. ఆ ఖాళీ కిందున్న చుక్క ఈ ఇల్లు.

కోడలు మిషను ఆపి వంగి చూసింది. ఆ పిల్ల ఆమె వైపు తిరిగింది.

"అక్కా, మన నెత్తి మీద బాగా ఎత్తున గాలి ఎండకి చిట్లిపోయి, కరెంటు పట్టినట్టు ఉంటుంది. అయనావరణం అంటాం. అది చదునుగా ఉండదు. గుంటలు, గుట్టలు ఉంటాయి. పొద్దుగూకాక దాని అడుగు నుంచి బుడగలు పైకి లేస్తాయి. కళ్ళకి ఏదీ కనబడదు. ఉపగ్రహం దాని పైనుంచి పోతూ కూస్తుంటే ఆ కూత అందులోంచి దిగి మన దగ్గరికి వస్తుంది. ఎలా వణుక్కుంటూ వచ్చిందో చూసి దారిలో ఏముందో చెబుతాం. ఒక ఊళ్ళో వింటే చాలదు. ఒకే గీత మీద ఐదు ఊళ్ళలో వింటే నిలువునా కోసి చూసినట్టు బొమ్మ వస్తుంది. ఆస్పత్రిలో స్కానింగ్ తీసినట్టే."

"నీళ్ళ తొట్లో చెంచా," అంది కోడలు.

"ఏంటక్కా?"

"అత్తయ్య అనేవారు. చెంచా తొట్లో పడితే పైనుంచి చూసేవాళ్ళకి వంకర్లు తిరుగుతూ కనిపిస్తుంది. చెంచా కదల్లేదు, నీళ్ళు కదిలాయి అని."

పెద్దాయన చేతిలో గుడ్డ ఆగింది. ఇన్నేళ్ళ కాపురంలో భార్య ఆ మాట ఆయనతో అనలేదు. కోడలితో అంది.

"పనిలేని మాటలు," అని గోడకు చెప్పి మెట్లెక్కాడు.

ఆ పిల్ల వెనక నుంచి అడుగుతోంది. "అక్కా, ఇంకా కాలితోనే తొక్కుతున్నారా? మోటారు పెట్టించుకోలేదా?"

"ఉంది. అటక మీద పెట్టాను."

"ఎందుకు?"

"కాళ్ళు ఖాళీగా ఉంటే తోచదులే. ఏదీ, ఆ సంచీ ఇటివ్వు. పట్టీ కుట్టి ఇస్తాను."

*

ఆ సాయంత్రం పెద్దాయన ముందుగానే మేడ ఎక్కాడు. యాంటెనా నిలబెట్టిన గొట్టానికి రెండు పిడులున్నాయి. ఒకటి పక్కకు తిప్పడానికి, ఇంకోటి ఎత్తడానికి, దించడానికి. ఒకప్పుడు ఈ పని మోటారు చేసేది. అది కాలిపోయింది. కొత్తది పంపుతామని కేంద్రంవాళ్ళు చెప్పారు, చెబుతూనే ఉన్నారు. అప్పటి నుంచి చేతులే మోటారు. ఆయన పిడులకు నూనె రాసి, గుడ్డతో తుడిచి, పిట్టగోడ మీద చిన్న స్పీకరు పెట్టుకున్నాడు. పెట్టెలోంచి వచ్చే కూత తీగ వెంట దాన్లోకి వస్తుంది.

పొద్దుగూకింది. ఎదురింటి మేడ మీద ఎవరో దుప్పట్లు తీసి మడతపెడుతున్నారు. స్పీకరులో చాలాసేపు ఇసుక జల్లెడ పట్టిన చప్పుడే. తర్వాత ఆ ఇసుకలోంచి దోమ కూత లాంటిది లేచింది. ఆయన వీపు నిటారైంది. పిడి పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పాడు. కూత బలపడింది. ఉపగ్రహం ఎక్కడుందో కళ్ళకు కనబడదు, చేతులకే తెలుస్తుంది. అది పోతున్న వేగంతో చేపముల్లు కూడా పోవాలి. ముందుకు పోకూడదు, వెనకబడకూడదు.

ఆకాశం సగం దాటాక కూత వణికింది. తగ్గింది. వెనకబడ్డాననుకుని గబగబా తిప్పాడు. కూత ఇంకా పోయింది. ఎక్కువ తిప్పానేమోనని వెనక్కి తిప్పాడు. ఎత్తాడు, దించాడు. ఒకసారి చిక్కింది, మళ్ళీ జారింది. ముఖాన చెమట కళ్ళలోకి దిగుతున్నా పిడి వదల్లేదు. చివరికి ఇసుక చప్పుడే మిగిలింది.

ఆయన మెట్లు దిగేసరికి ఆ పిల్ల తన ల్యాప్‌టాప్ తెర మీద గీతలు చూస్తోంది.

"అంకుల్, ఇక్కడ తిప్పారు కదా?"

"సౌండు పోయింది. తిప్పాను."

"పోలేదు. బొంగురుది వణికింది, అంతే. చూడండి, సన్నది దాదాపు నిలబడే ఉంది. వెనకబడితే రెండూ కలిసి తగ్గాలి. ఒకటే వణికిందంటే అది పైన బుడగ. నాకు కావలసింది ఆ వణుకే. మీరు తిప్పాక రెండూ పోయాయి."

"మేడ మీద నాకు ముళ్ళు కనబడతాయా? ఒక్క స్పీకరు, ఒక్క చప్పుడు. ఏది వణికిందో నాకెవరు చెబుతారు?"

"ఇంతకుముందు రికార్డులు అద్దంలా ఉన్నాయంకుల్. అప్పుడెవరు చెప్పేవారు?"

మిషను చప్పుడు ఆగింది.

"ఇక్కడ కూర్చునే మనిషి ఉండేది," అన్నాడు పెద్దాయన.

ఆ పిల్ల కుర్చీ వైపు చూసింది. తర్వాత ఆలోచించకుండా అడిగేసింది. "అక్కా, మీరు ఇంట్లోనే ఉంటారుగా. మీరు చూసి చెప్పొచ్చుగా?"

"ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు," అన్నాడు పెద్దాయన. తర్వాత గోడ వైపు తిరిగాడు. "పక్కనే ఉండి ఒక మనిషిని కేకేసి పిలవడం చేతకానివాళ్ళు ముళ్ళు చూసి చెబుతారట."

కోడలు పళ్ళతో దారం తెంపింది. కుట్టిన సంచీ పట్టీని లాగి గట్టిగా ఉందో లేదో చూసి ఆ పిల్లకు ఇచ్చింది. ఆమె ముఖంలో ఏమీ లేదు. ఇలాంటి మాటలు అన్నాళ్ళు వింటే ముఖంలో ఏదీ మిగలదు.

*

పొద్దున ఆ పిల్ల మేడ మీదికి వచ్చింది. పెద్దాయన చేపముల్లు ఎముకలకు పట్టిన తుప్పు గీకుతున్నాడు. ఆమె ఇంకో గరుకుకాగితం తీసుకుని రెండో వైపు కూర్చుంది. కాసేపు ఇద్దరూ గీకారు.

"రాత్రి నేను అనకూడని మాట అన్నానేమో అంకుల్."

"నువ్వు కాదు. నేనే అన్నాను. అనాల్సిందే అన్నాను." గీకుతూనే చెప్పాడు. "మా ఆవిడ ఆ కుర్చీలోనే పోయింది. నేను ఇక్కడ పిడి పట్టుకుని ఉన్నాను. ఎడమకి, చాలు, ఆగండి, మీరు కాదు, అంటూ ఆఖరు దాకా కింద నుంచి చెబుతూనే ఉంది. గొంతు కొంచెం చిన్నగా ఉంది, అంతే. ఉపగ్రహం దిగిపోయాక నేను కిందికి వెళ్ళేసరికి బల్ల మీద తల పెట్టుకుని ఉంది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే అన్నాడు డాక్టరు."

ఆ పిల్ల గరుకుకాగితం కింద పెట్టింది.

"మా ఆవిడ తనకి బాగాలేదని చెప్పే రకం కాదు. చూసిన మనిషి చెప్పాలి. అదే గదిలో ఉంది, మిషను ముందు. చెమటలు పట్టడం చూసింది. ఒక్క కేక వేస్తే నేను దూకి దిగేవాణ్ణి. ఎందుకు పిలవలేదని అడిగాను. నేల చూసింది. ఆ రోజే అయిపోయాయి మాటలు."

"మళ్ళీ అడగలేదా?"

"ఒకసారి అడిగితే చెప్పని మనిషిని రెండోసారి అడగను."

ఆ పిల్ల తుప్పు దులుపుకుని లేచింది. "సరే. ఈ సాయంత్రం నేను చెబుతాను. కుర్చీలో కూర్చోను, స్టూలేసుకుంటాను."

సాయంత్రం ఆమె స్టూలు మీద కూర్చుని, మెట్ల దారి నుంచి పైకి వినబడేలా కేకలేసింది. మొదట బాగానే సాగింది. "ఎడమకి అంకుల్. ఇంకొంచెం. చాలు." కింద మిషను టకటకలాడుతోంది. ఉపగ్రహం నడినెత్తికి వచ్చేసరికి కూత వణికింది. సరిగ్గా అప్పుడే మిషను ఆగింది. పని మానేసి ముచ్చట వింటోంది అనుకున్నాడు పెద్దాయన, చిరాకుపడ్డాడు. చేతులు వాటంతటవే పిడిని తిప్పేశాయి.

"ఆగండి... కాదు, కుడికి... అయ్యో, ఆగండంకుల్," అని కింద నుంచి వినబడింది. అప్పటికే కూత చెయ్యి దాటిపోయింది.

దిగి వస్తే ఆ పిల్ల తల పట్టుకుని నవ్వుతోంది. ఏడుపు ఆపుకునే నవ్వు.

"నేను వెనకబడిపోతున్నానంకుల్. ముళ్ళు చూసి, రెండూ పోల్చుకుని, నోరు తెరిచేసరికి మీరు తిప్పేస్తున్నారు. ఇది కంటితో చేసే పనిలా లేదు."

"కన్ను కాదు. మా ఆవిడ ముళ్ళ వైపు చూసేదే కాదు. గుండీలు కుడుతూ వినేది."

"ఇంకొక్క సాయంత్రమే ఉంది."

"ఉంటే ఉంది. పెట్టె బరువు. ఎల్లుండి పొద్దున్నే వ్యాను గుమ్మం దగ్గరికి తెప్పించు."

ఆ మాట మామూలుగానే అన్నాడు. తర్వాత పెట్టె ముందు నిలబడి దాని మూల మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. ఎండలో కట్టేసిన పశువు వీపు మీద చెయ్యి వేసినట్టు. కోడలు మిషను మీద గుడ్డ కప్పుతూ అది చూసింది. నొప్పెట్టే మోకాలికి కట్టుకున్న గుడ్డ విప్పి, మళ్ళీ బిగించి కట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

*

మూడో సాయంత్రం గాలి లేదు. ఎదురింటి దుప్పట్లు తాడు మీద కదలకుండా వేలాడుతున్నాయి. పెద్దాయన పిడులకు నూనె రాయలేదు. ఈ ఒక్కసారికి అక్కర్లేదనిపించింది. తర్వాత మనసొప్పక రాశాడు.

కింద ఆ పిల్ల ఫోనులో మాట్లాడుతోంది. దక్షిణం వైపు ఊళ్ళో కూర్చున్న ఆపరేటరు ఏదో చెబుతున్నాడు. "బుడగ పెద్దదా? ఎంత పెద్దది? వదలకండి, లైన్లోనే ఉండండి, నేను వింటున్నాను," అంటోంది. ఇంకో చేత్తో ఇంకో ఫోను. రెండు చెవులకూ రెండు ఊళ్ళు. అయితే ఈ పూట ముళ్ళెవరు చూస్తారు అనుకున్నాడు పెద్దాయన. ఎవరూ చూడరు. తనూ చేపముల్లూ. అదీ మంచిదే. ముగింపు చప్పుడు లేకుండా ఉంటుంది.

ఇసుకలోంచి దోమ లేచింది.

పిడి తిప్పాడు. కూత నిలబడింది. ఆయన చేతులు నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. చెరువు ఒడ్డున నడిచేవాడితో పాటు నీళ్ళలో నీడ నడిచినట్టు చేపముల్లు పైన పోయేదాని వెంట నడుస్తోంది.

"కొంచెం ఎత్తండి."

చేతులు ఎత్తాయి. ఎత్తాక గాని ఆ గొంతు ఎవరిదో ఆయనకు తెలియలేదు. ఆ పిల్లది కాదు.

"చాలు. ఇప్పుడు ఎడమకి."

పిడి వదిలేసి కిందికి దిగి ఆ కుర్చీలోంచి లేవమనాలి. కానీ పిడి వదిలితే కూత పోతుంది. అది పోతే పెట్టె పోతుంది. పళ్ళు కొరుక్కుంటూ ఎడమకు తిప్పాడు. సరైన తిప్పుడు. కూత నిండుగా వచ్చింది.

"ఇలాగే పోనివ్వండి."

పోనిచ్చాడు. నడినెత్తికి వచ్చింది. కూత వణికింది. ఈసారి వణుకు చిన్నది కాదు, చలిజ్వరం వచ్చినవాడి పళ్ళలా కొట్టుకుంది. మునిగింది, తేలింది, మళ్ళీ మునిగింది. ఆయన వేళ్ళు పిడి మీద కదలబోయాయి.

"ఆగండి మామయ్యా. మీరు కాదు."

ఆగిపోయాడు.

అదే మాట. అదే చోట వచ్చింది, వేళ్ళు కదలబోయి ఇంకా కదలని ఆ రవ్వంత సందులో. ముళ్ళు చూసి పోల్చుకునేవాళ్ళకు ఆ సందు దొరకదు. వినీ వినీ చెవి పండినవాళ్ళకే దొరుకుతుంది. ఆ మాట ఆయన మళ్ళీ వింటాననుకోలేదు.

"మీరు కాదు. పైనే. మీ దారిన మీరు పొండి."

కూత పోతోంది, వస్తోంది. ఆయన దాన్ని వెతకలేదు. వినీ విననట్టు, నమ్మినవాడిలా, ఉన్న వేగంతోనే తిప్పుకుంటూ పోయాడు. వణుకు వచ్చింది, పోయింది. బుడగ అవతల కూత మళ్ళీ నిండుగా తేలింది, చేపముల్లుకు ఎదురుగా, ఎక్కడ ఉండాలో అక్కడ.

"కొంచెం దించండి. ఇంకొంచెం. చాలు. అయిపోయింది, దిగండి."

ఇసుక చప్పుడు. పెద్దాయన పిడి వదల్లేదు. ఎదురింటివాళ్ళు దుప్పట్లు తీసుకుని లోపలికి పోయారు. ఆయనకు ఒక్కటే ఆలోచన. ఇది ఒక రోజులో వచ్చే విద్య కాదు. ఆవిడ పక్కన నిలబడి, ఆవిడతో పాటు వింటూ, సాయంత్రం తర్వాత సాయంత్రం నేర్చుకోవాలి. మిషను ముందు కూర్చుని తన పని తను చూసుకుంటోందనుకున్న మనిషి, మిషను ముందు లేదు. ఎన్నో సాయంత్రాలు లేదు. మరి ఆ సాయంత్రం ఎక్కడుంది?

దిగాడు.

ఆ పిల్ల తెరకు ముక్కు ఆనించి రెండు ఫోన్లలోనూ ఒకేసారి మాట్లాడేస్తోంది. "వచ్చింది. మధ్యది వచ్చింది. బుడగ మెడ కనబడుతోంది. ఎక్కడ తెగిందో కనబడుతోంది..."

కోడలు కుర్చీలో లేదు. కుర్చీ పక్కన నిలబడి ఉంది, హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని, ఒక చెయ్యి కుర్చీ వీపు మీద వేసి. ఆసాంతం నిలబడే చెప్పిందన్నమాట. ఆయన్ని చూడగానే హెడ్‌ఫోన్లు తీసి, ఎక్కడివి అక్కడ తగిలించింది. మిషను వైపు అడుగు వేసింది.

"ఆ రోజు నువ్వెక్కడున్నావ్?"

గోడకు చెప్పలేదు. ఆమెకు చెప్పాడు. ఆమె ఎవరితోనో అన్నాడనుకుని ముందు ఆ పిల్ల వైపు చూసింది. ఆ పిల్ల ఫోన్లు రెండూ పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయింది.

"నిన్నే. ఆ రోజు ఎక్కడున్నావ్?"

"ఇక్కడే," అంది. నిలబడ్డ చోటే చూపించింది.

"చూశావ్."

"చూశాను. అత్తయ్య వద్దన్నా వినకుండా మెట్లెక్కాను. నాలుగు మెట్లు ఎక్కాను."

"మరి?"

"అత్తయ్య లేచి వచ్చి కొంగు పట్టుకుని లాగారు. ఇంకో మెట్టు ఎక్కావంటే నీతో మాట్లాడను అన్నారు. ఆయన చెయ్యి పిడి మీద ఉంది, ఉపగ్రహం దిగిపోయేదాకా ఉండు, కాస్త నొప్పేగా అన్నారు. అది రోజూ ఉండే నొప్పేనన్నారు. నేను నమ్మాను." ఆమె గొంతు ఎత్తలేదు. "నా బుద్ధికి అంతే తోచింది మామయ్యా."

పెద్దాయన స్టూలు మీద కూలబడ్డాడు. భార్య అలాగే అని ఉంటుంది. అచ్చం ఆ మాటే, ఆ కొంగు లాగడమే. ఈ లోకంలో ఆ మనిషిని అంత బాగా ఎరిగినవాడు తనొక్కడే అనుకున్నాడు. కాదు.

"నేను అడిగినప్పుడు చెప్పొచ్చుగా."

ఆమె బల్ల అంచున లేని దుమ్మును చేత్తో తుడిచింది.

"చెబితే మీరు ఆ పిడి మళ్ళీ ముట్టుకునేవాళ్ళా?"

జవాబు ఇద్దరికీ తెలుసు. మేడ ఎక్కేవాడు కాదు. చేపముల్లును పీకి వీధిలో పారేసేవాడు. తర్వాత గోడ కూడా అక్కర్లేకుండా ఒక మూల పడి ఉండేవాడు. ఏడాదిగా ఆ పిడి పట్టుకుని నిలబడ్డాడంటే, ఏడాదిగా ఈ కోడలు ఆ నింద పట్టుకుని నిలబడింది. ఒక్క పూట కింద పెట్టలేదు.

ఆయన అడిగాడు. "నొప్పి రోజూ ఉండేదా?"

"ఉండేది. నాతో కూడా చెప్పలేదు, నేనే కనిపెట్టాను. ఆస్పత్రికి పోదామంటే వర్షాలు వెళ్ళాక అన్నారు."

"నాకు తెలీలేదు."

"మీకు తెలియకుండా చూసుకున్నారు. అది మీ తప్పు కాదు."

ఆయన తల ఎత్తలేదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి, కిటికీలో కాదు, ఆయన చేతికే ఇచ్చింది.

*

పొద్దున్నే వ్యాను గుమ్మం ముందుకొచ్చింది. ఆ పిల్ల కొత్త బొమ్మ చూపించింది. ఐదు చుక్కల మీద తెర ఇప్పుడు అటు నుంచి ఇటు దాకా నిండుగా ఉంది. మధ్యలో, ఈ ఇంటికి నేరుగా పైన, అడుగు నుంచి లేచిన చీకటి బుడగ, సన్నటి మెడ మీద పక్కకు ఒరిగి నిలబడింది.

"పెద్దసారు ఏమన్నాడు?"

"బొమ్మ రెండుసార్లు చూశారు. తర్వాత, సరే ఉండనివ్వు అన్నారు. ఎన్నాళ్ళని అడగలేదు. అడిగితే చెబుతారు." ఆ పిల్ల నవ్వింది. "పైన అది కూసినన్నాళ్ళూ మీరు తిప్పండంకుల్. అదీ ముసలిదే."

"అదీ అంటే? ఇంకెవరు?"

"ఎవరూ కాదంకుల్. అక్కా, వస్తాను. పట్టీ గట్టిగా ఉంది."

ఖాళీ వ్యాను ఖాళీగానే వెళ్ళింది.

పెద్దాయన కుర్చీని చూశాడు, పెట్టెను చూశాడు, అటక చూశాడు. స్టూలు లాక్కుని ఎక్కి అటక మీద చెయ్యి పెట్టి తడిమాడు. పాత చీరలో చుట్టి ఉంది, కుట్టుమిషను మోటారు. కొని తగిలించిన వారం రోజులకే ఒక సాయంత్రం మేడ మీద నుంచి తను అరిచిన అరుపు ఆయనకు గుర్తొచ్చింది. ఎవర్రా ఆ గరగర, స్పీకరులో ఏమీ వినబడి చావట్లేదు అని. మర్నాటి నుంచి గరగర లేదు. తను మళ్ళీ అడగలేదు. ఆమె అప్పటి నుంచి తొక్కుతూనే ఉంది.

ఆయన నేల మీద గోనె పరుచుకుని మోటారు విప్పాడు. రేకు డబ్బాలోంచి చిన్న కండెన్సర్లు రెండు ఏరాడు. రాగి తీగ తీసి ఒక ఇనప కడ్డీకి వరసగా, చుట్టుకు చుట్టు ఆనేలా చుట్టాడు. చప్పుడు మోటారులోనే చచ్చిపోవాలి, తీగ వెంట పాకి పెట్టెలోకి రాకూడదు. తెలిసిన పనే. ఒక పూట పని. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా చేయగలిగిన పని. చేయలేదు.

కోడలు బజారు నుంచి వచ్చి గుమ్మంలో ఆగింది. మామగారు మిషను కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం బయటికి ఉన్నాయి. సంచీ కింద పెట్టి అలాగే నిలబడింది.

"అమ్మా, ఆ చిన్న స్క్రూడ్రైవరు ఇటివ్వు," అన్నాడు మిషను కింద నుంచి.

ఇచ్చింది.

"అది కాదు, ఎర్ర పిడిది."

అదీ ఇచ్చింది. ఆయన నాలుగు మరలు బిగించి, బట్టలు దులుపుకుంటూ బయటికి వచ్చి, పెట్టె దగ్గరికి వెళ్ళి స్విచ్చి వేశాడు. కిందికి తెచ్చుకున్న స్పీకరు ఇసుక జల్లెడ పట్టింది. చెవి స్పీకరుకు ఆనించి, చెయ్యి ఎత్తి ఆమెకు సైగ చేశాడు.

ఆమె కూర్చుంది. మోకాలికి కట్టుకున్న గుడ్డ విప్పి పక్కన పెట్టింది. మీట నొక్కింది. మోటారు తిరిగింది, సూది పరుగెత్తింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఇసుక తప్ప ఏమీ లేదు.

"వినబడుతోందా మామయ్యా?"

"లేదు," అన్నాడు. "ఆపకు. కుట్టుకో."